ఇంకే చోటు

ఊరి పటం గీయమన్నారు. ఆకుపచ్చ రంగు మామిడి తోటలకి, ఎరుపు ఇళ్ళకి, నీలం నీళ్ళకి. స్కూలు ఆవరణలో ఆడవాళ్ళంతా ముగ్గుపిండి చేతుల్లో పట్టుకుని ఇళ్ళూ, చర్చీ, రామాలయం, రేషన్ షాపూ గీస్తూ ఒకళ్ళ గీతల్ని చూసి ఇంకొకళ్ళు నవ్వుకుంటున్నారు. రిబ్కమ్మ మాత్రం చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని వచ్చి, నీలం రంగు డబ్బా తన వైపుకి లాక్కుంది.

"వాగు నేను గీస్తా. ఎవరూ ముట్టుకోబాకండి."

గుట్ట దగ్గర మొదలుపెట్టింది. మూడు వేళ్ళ సందుల్లోంచి రంగు జారుతోంది. వాగు సన్నబడే చోట వేళ్ళు దగ్గర చేసింది, వెడల్పయ్యే చోట వదులు చేసింది. గొంతుక్కూర్చునే వెనక్కి వెనక్కి జరుగుతూ ఒక్కసారి కూడా చెయ్యెత్తకుండా తనుండే పేట పక్కదాకా వచ్చింది. అక్కడ వాగు మోకాలు మడిచినట్టు వంపు తిరుగుతుంది. ఆ వంపులో గుప్పెడు రంగు కుమ్మరించి అరచేత్తో అదిమింది.

"ఇక్కడ ఇసక. కింద గరప, గులకమన్ను. నీళ్ళు ఇంకే చోటు ఇదే."

ఇంకాస్త దిగువన, బసవపున్నారావు గారి రసాల తోట అంచున, నీలం మీద తెల్లపిండి చల్లింది.

"ఇక్కడ నడుం లోతుకి వెళ్తే సుద్ద. నీళ్ళు నిలబడతయ్యి గానీ కిందకి దిగవు."

కుర్చీ ఎక్కి సెల్‌ఫోన్లో ఫొటో తీస్తున్న కీర్తిప్రియ కిందకి దిగింది. వాగుల మీద చెక్‌డ్యాములు కట్టే పథకంలో ప్రజల్ని కలుపుకు రావడం ఆ అమ్మాయి ఉద్యోగం. ఓ సంస్థ తరఫున విజయవాడ నుంచి వచ్చింది.

"మీకు ఇదంతా ఎలా తెలుసమ్మా?"

"మా ఆయన సలోమోను బావులు తవ్వేవాడండి. ఆయన కింద తవ్వితే నేను పైకి మోసేదాన్ని. ఈ చుట్టుపక్కల ఏ నేలలో ఎన్ని నిలువుల కింద ఏ మన్నుందో నా నెత్తికి తెలుసు."

కీర్తిప్రియ ఆ మాట పుస్తకంలో రాసుకుంది. రిబ్కమ్మ చేతులు దులుపుకుని లేచింది. యాభయ్యెనిమిదేళ్ళ మనిషి. మోకాళ్ళు టక్కుమన్నాయి. పేట బోరు వేసవి రాగానే ఎండిపోవడం మొదలై నాలుగేళ్ళయింది. కుళాయి పొద్దున్న ఒక్క గంట వస్తుంది. ఆ వంపులో నీళ్ళు ఆగి ఇంకితే బోరు బతుకుతుందని ఆవిడ కనపడ్డ ప్రతివాళ్ళకీ చెబుతూనే ఉంది. ఇన్నాళ్ళకి ఎవరో అడిగి మరీ రాసుకున్నారు.

మధ్యాహ్నం ఇంజనీరు జయకర్ వచ్చాడు. స్కూలు గదిలో సర్పంచి పక్కన కూర్చుని మంచినీళ్ళు తాగి, ఓ కాగితం అందరికీ చదివి వినిపించాడు. చదివినంత సేపూ ఫ్యాను రెక్క గరగరమంటూనే ఉంది. ఎవరికీ సరిగ్గా వినపడలేదు. సంతకాలకి కాగితం ఒక్కొక్కళ్ళ చేతుల్లోకీ వచ్చింది. రిబ్కమ్మకి చదువు రాదు. వేలిముద్ర వెయ్యబోతుంటే పక్కనున్న కోడలు రోజా కాగితం లాక్కుని చూసింది. రోజా ఇంటర్ దాకా చదివింది.

"అత్తా, ఆగు. రిబ్కమ్మ మొదలైన మహిళలు గీసిన పటం ప్రకారం, గ్రామస్తులు సూచించిన స్థలంలో, బసవపున్నారావు గారి తోట దిగువన చెక్‌డ్యామ్ నిర్మించుటకు తీర్మానించడమైనది అని ఉంది."

"తోట దిగువనా? అక్కడ సుద్ద అన్నాగా!"

"నువ్వే చూపించావని రాశారు."

రిబ్కమ్మ సిరా అంటిన బొటనవేలు పైకి పట్టుకునే జయకర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన ముందు బల్ల మీద పెద్ద పటం పరిచి ఉంది. కంప్యూటర్లో తీసింది. తోట దిగువన ఎర్ర సున్నా చుట్టి ఉంది. ఆ సున్నా ఇవాళ చుట్టింది కాదు. కాగితం మడతల దగ్గర నలిగి వెలిసిపోయి ఉంది.

"ఇది ముందే అయిపోతే మా చేత ముగ్గులెందుకేయించారండీ?"

జయకర్ తలెత్తి చూశాడు. చెడ్డవాడిలా లేడు. అలిసిపోయిన మనిషిలా ఉన్నాడు.

"శాంక్షన్ అయిపోయిందమ్మా. ఉపగ్రహం నుంచి చూసి పెట్టిన పాయింట్ అది. పున్నారావు గారు కూడా అడిగారు. సోమవారం మార్కింగ్. ఇప్పుడు మార్చాలంటే మళ్ళీ మొదటికొస్తుంది, ఏడాది పోతుంది."

"ఉపగ్రహానికి సుద్ద కనపడుద్దా?"

ఎవరో నవ్వారు. కీర్తిప్రియ తల దించుకుని రంగుడబ్బాలకి మూతలు పెట్టసాగింది. రిబ్కమ్మ బొటనవేలు చీర కొంగుకి తుడుచుకుంది. వేలిముద్ర వెయ్యలేదు. మిగతావాళ్ళంతా వేశారు. ఇంటికి వెళ్ళేసరికి కొంగు మీద సిరా మరక ఆరిపోయింది కూడా.

మర్నాడు శుక్రవారం. బసవపున్నారావు గారి షెడ్డులో కాయ గ్రేడింగ్‌కి వెళ్ళాల్సిన రోజు. రిబ్కమ్మ వెళ్ళలేదు. తెల్లారగానే అటక మీంచి సలోమోను గడ్డపార దించింది. పార, తట్ట తీసుకుని తోట దిగువన వాగులోకి దిగింది. ఎర్ర సున్నా చుట్టిన చోటు ఎక్కడో తెలియడానికి ఆవిడకి పటం అక్కర్లేదు. సున్నంతో గుర్తు పెట్టిన రాళ్ళు రెండు గట్టున కనపడుతూనే ఉన్నాయి.

పైన ఎండిన ఇసక ఓ జానెడు. దాన్ని పారతో పక్కకి లాగేసింది. తర్వాత బూడిదరంగు మన్ను, ఎండకి పలకలు కట్టి ఉంది. గడ్డపార రెండు చేతులతో ఎత్తి, కాళ్ళు ఎడంగా పెట్టి వేసింది. పలక పగిలింది. తోటలోంచి కోతకొచ్చిన కాయ వాసన, సొన వాసన కలిసి వస్తున్నాయి. పైన కొమ్మల్లో కుర్రాళ్ళు చిక్కాలతో కాయ కోస్తూ ఆగి ఆగి ఆవిడ వైపు చూస్తున్నారు.

తొమ్మిదింటికి బసవపున్నారావు స్కూటర్ మీద వచ్చాడు. అరవై దాటినా తోటంతా తనే తిరుగుతాడు. గట్టు మీద స్కూటరాపి, దిగకుండానే అడిగాడు.

"ఏంటే రిబ్కమ్మా, లంకెబిందెలేమైనా దొరికినయ్యా? షెడ్డులో రెండు లోడ్ల కాయ పడుంది. పద."

"ఇయ్యాళ రానండి."

"ఏం చేస్తున్నావక్కడ?"

"సుద్ద తీస్తున్నా."

ఆయన మొహంలో నవ్వు పోయింది. "నిన్న స్కూల్లో గొడవ చేశావంట. చూడు, ఇక్కడ ఆనకట్ట అడిగింది నేనే. ఐదు బోర్లేస్తే రెండు పోయినయ్. నా పక్కన నీళ్ళు నిలబడితే బోర్లకి దిగుతయ్యని నాకు తెలీదా?"

"దిగవండి అయ్యా. ఈ తోటలో మీ నాయనగారు తవ్వించిన బావి మేమే తవ్వాం. ఇటుపక్క సుద్దొచ్చిందని అటు మార్చాం. మీరప్పుడు నూజివీడులో చదువుకుంటన్నారు."

"నలభై ఏళ్ళనాటి మాట."

"సుద్ద ఏమైనా ముసల్దయిపోద్దా అండీ?"

పున్నారావు స్కూటర్ స్టార్ట్ చేశాడు. "రేపట్నుంచి షెడ్డుకి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటా. నీ ఇష్టం," అని తోటలోకి వెళ్ళిపోయాడు.

ఎండెక్కింది. గొయ్యి మోకాలి లోతు అయ్యింది. తట్ట నింపి గట్టుకి మొయ్యడానికి తనొక్కతే. నింపాలి, ఎక్కాలి, కుమ్మరించాలి, దిగాలి. పన్నెండింటికి రోజా అన్నం క్యారేజీ తెచ్చింది. గట్టు మీద నిలబడే కోపమంతా కక్కేసింది.

"ఊరంతా నవ్వుతున్నారత్తా. షెడ్డు పని పోగొట్టుకుని గుంటలు తవ్వుతావా? రేపు నడుం పట్టేస్తే ఎవరు చెయ్యాలి? నీ కొడుక్కి ఫోన్ చేసి చెప్తా."

"చెప్పు. వచ్చేటప్పుడు ఇంకో పార తెమ్మను."

రోజా క్యారేజీ నేలమీద పెట్టింది. తర్వాత చున్నీ నడుముకి బిగించి గోతిలోకి దిగింది. "నువ్వు తిను. నేను తీస్తా," అని అత్త చేతిలోంచి పార లాక్కుంది.

మూడింటికి, సరిగ్గా నడుం లోతులో, పార అంచుకి తెల్లగా అంటుకుని ఊడిరాలేదు. రిబ్కమ్మ గోతిలోకి దిగి ఆ ముద్దని వేళ్ళతో తీసి అరచేతుల మధ్య నులిమింది. సన్నటి తాడులా సాగింది, తెగలేదు. దాన్ని కోడలి అరచేతిలో పెట్టింది.

"చూశావా! చపాతీ పిండి కాదిది. దీన్ని దాటి చుక్క దిగదు."

రోజా ఆ తాడుని వేలికి చుట్టుకుని చాలాసేపు చూసింది.

శనివారం పొద్దున్న కుళాయి వచ్చే వేళకి రిబ్కమ్మ పేటలో గడపగడపకీ వెళ్ళింది. ఇంటికో బిందె నీళ్ళు ఇవ్వమంది, గోతిలో పొయ్యడానికి. వేసవిలో అడగరాని మాట అది. ఒకరిద్దరు మొహం మీదే తలుపేశారు. చిన్నరాయప్ప మంచం మీంచే, "తాగడానికి లేకపోతే గుంటకి తాపుతావా!" అని అరిచాడు. అయినా ఆయన భార్యే మొదటి బిందె ఎత్తుకుని బయల్దేరింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. ఎండ ఎక్కేలోగా పద్నాలుగు బిందెలు గోతిలో పడ్డాయి. నీళ్ళ అంచు దగ్గర రిబ్కమ్మ వేపపుల్ల గుచ్చింది. ఆవిరైపోకుండా పైన కొబ్బరిమట్టలు కప్పింది.

"ఇక చూడండి," అంది.

చూసేందుకేం లేదు. నీళ్ళు అలాగే ఉన్నాయి. ఆడవాళ్ళు పన్లకి పోయారు. రిబ్కమ్మ కూర్చోలేకపోయింది. గట్టెక్కి దిగి, మట్టలు తీసి చూసి, మళ్ళీ కప్పి, ఇంటికెళ్ళి అరగంటకల్లా మళ్ళీ వచ్చింది. సాయంత్రానికి పుల్ల దగ్గర వేలి మందం తగ్గింది, అంతే. అప్పుడు బసవపున్నారావు తోటలోంచి నడుచుకుంటూ వచ్చాడు. గోతి పక్కన గొంతుక్కూర్చుని, ఓ ఎండుకొమ్మ విరిచి నీళ్ళలో ముంచి తీశాడు. కొమ్మ చివర తెల్లటి జిగురు అంటుకుంది. తన తోటలో వాగు వైపున్న వరసకేసి తలతిప్పి చూశాడు. కాపు మీదున్న చెట్లు.

"పొద్దుట్నుంచీ ఇంతే ఉందా?"

"పొద్దుట్నుంచీ ఇంతేనండి."

ఆయన లేచాడు. కొమ్మ గోతిలో పారేసి వెళ్ళిపోయాడు.

ఆదివారం చర్చిలో రిబ్కమ్మ మనసు పాటల మీద నిలబడలేదు. పాస్టరు గారి ప్రార్థన ముగిసీ ముగియగానే చెప్పులేసుకుంది. సోమవారం సుద్ద గుంట ఒక్కటే చూపిస్తే సరిపోదు. వంపులో ఇంకో గుంట తవ్వి, నీళ్ళు పోసి, కళ్ళముందే అవి మాయమవడం చూపించాలి. ఆ వంపులో చెంబెడు నీళ్ళు పోస్తే చెంబు కింద పెట్టేలోగా ఇంకిపోతాయని సలోమోను అనేవాడు. అని, నిజంగా పోసి చూపించేవాడు.

"ఆదివారం పని చేస్తావా?" అంది రోజా.

"ఇది పని కాదు. చూడ్డం."

వంపులో తుమ్మ చెట్టు నీడ పడే చోట మొదలుపెట్టింది. పైన ఒండ్రు. ఉంటుంది, వరదకి కొట్టుకొస్తుంది, అనుకుంది. మోకాలి లోతులోనూ ఒండ్రే. రోజా తట్టలు మోస్తోంది. మరో అడుగు తవ్వింది. నల్లమట్టి. ఇసక రాలేదు. రిబ్కమ్మ వేగం పెంచింది. చెమట కళ్ళల్లోకి దిగుతున్నా తుడుచుకోలేదు. నడుం లోతు దగ్గర పారకి ఏదో తగిలి పరపరమంది. వంగి తీసింది. గుట్కా ప్యాకెట్టు. రంగు కూడా సరిగ్గా పోలేదు. దాని కింద ఎరువు సంచి ముక్క.

రిబ్కమ్మ గోతిలోనే కూలబడింది.

"ఏంటత్తా?"

"ఇసక తీసేశారే. మొత్తం ఎత్తుకుపోయారు. ఆ గుంటలో ఒండ్రు చేరి పూడింది. ఇది పాత నేల కాదు."

ఆవిడ లేచి గోతి అడుగున మళ్ళీ ఓ మూరెడు తవ్వింది. నల్లమట్టి కింద సుద్ద తెల్లగా కనపడింది. సలోమోను చెప్పిన గరప ఎప్పుడో ఎవరి పునాదుల్లోకో పోయింది. వాగు దాటి ఎన్నిసార్లు నడిచింది తను? ఎన్నిసార్లు నడిచినా పైపైనే చూసింది. పైన గడ్డి మొలిచింది, వంపు వంపులాగే ఉంది.

రోజా చుట్టూ చూసింది. ఎవరూ లేరు.

"పూడ్చేద్దాం అత్తా. రేపు సుద్ద గుంట ఒక్కటే చూపిద్దాం. అది నిజమేగా. వాళ్ళే వంపులో కడతారు."

రిబ్కమ్మ పార అందుకుంది. తీసిన మన్ను ఓ తట్టెడు లోపలికి తోసింది. ఇంకో తట్టెడు తోసింది. గుట్కా ప్యాకెట్టు కనపడకుండా పోయింది. మూడోసారి పార ఎత్తి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆపేసింది.

"నా మాట మీద ఇక్కడ కడతారు. వానొస్తది, నీళ్ళు నిలబడతయ్. పేట బోరు మాత్రం ఎండే ఉంటది. అప్పుడు పద్నాలుగు బిందెలిచ్చిన వాళ్ళ మొహం ఎట్టా చూడను?"

పార పక్కన పడేసి గోతిలోకి దిగి, తను తోసిన మన్ను తనే చేతులతో తోడి తీసింది. రోజా సాయం పట్టలేదు. గట్టు మీద కూర్చుని అత్తనే చూస్తూ ఉండిపోయింది.

సోమవారం పదింటికి జయకర్ జీపు వచ్చింది. వెనకాల శ్రీరాములు ట్రాక్టరు, పొదలు తియ్యడానికి ముందు బ్లేడు బిగించి ఉంది. కీర్తిప్రియ, పున్నారావు, సర్పంచి వచ్చారు. పేట ఆడవాళ్ళు పదిహేను మంది దాకా చేరారు. రిబ్కమ్మ కొబ్బరిమట్టలు తొలగించింది. రెండు రోజుల కిందటి నీళ్ళు ఆకాశాన్ని చూపిస్తూ అలాగే ఉన్నాయి. పుల్ల దగ్గర రెండు వేళ్ళు కూడా తగ్గలేదు. జయకర్ బూట్లు మట్టిలో దిగబడుతున్నా వంగి, గోతి గోడ గిల్లి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఇది క్లే," అన్నాడు మెల్లగా.

కీర్తిప్రియ మొహం వెలిగిపోయింది. "చెప్పాను కదా సార్! స్థానికులకి తెలిసినంత మనకి తెలీదు. రిబ్కమ్మగారు చెప్పిన వంపు దగ్గర చూద్దాం."

అందరూ వంపు దాకా నడిచారు. రిబ్కమ్మ అందరికంటే ముందు నడిచి గోతి అంచున నిలబడింది. ఆడవాళ్ళు ఆవిడ వైపే చూస్తున్నారు. ఆవిడ కొంగు మెడచుట్టూ తిప్పి దోపుకుంది.

"ఇక్కడ కూడా కాదు సారూ. నేను చెప్పింది తప్పు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ గుట్కా ప్యాకెట్టు దులిపి జయకర్ చేతిలో పెట్టింది.

"నడుం లోతులో దొరికింది. ఇసక తవ్వేశారు. నాకు తెలిసిన నేల ఇప్పుడిక్కడ లేదు."

కీర్తిప్రియ రాస్తున్న పెన్ను ఆపింది. ఆడవాళ్ళలో గుసగుసలు లేచాయి. చిన్నరాయప్ప భార్య, "ఆ ముక్క మాకైనా చెప్పొద్దా?" అంది. జయకర్ ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, నిట్టూర్చాడు.

"అయితే రెండు చోట్లా ఒకటే. శాంక్షనైన చోటే కానిద్దాం ఇక."

"నా తోట పక్కన ఒద్దండి," అన్నాడు పున్నారావు. "వేళ్ళ దగ్గర నీళ్ళు నిలబడితే చెట్లు పండుబారి పోతయ్. బోర్లకి దిగనప్పుడు అదెందుకు నాకు?"

"మరెక్కడ కట్టమంటారండీ? మీరే చెప్పండి," జయకర్ గొంతు పెంచాడు. పున్నారావుని అడుగుతూ రిబ్కమ్మ వైపు చూశాడు. అందరూ రిబ్కమ్మ వైపు చూశారు.

"తెలీదు సారూ," అంది ఆవిడ.

వెనక గుడగుడమంటున్న ట్రాక్టరు ఇంజను ఆగిపోయింది. శ్రీరాములు సీటు మీంచి దిగి వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, పేటలోనే పక్క బజారు వాడు. తలపాగా తీసి చేతుల్లో పిండుతూ, రిబ్కమ్మ కాళ్ళ వైపు చూస్తూ అన్నాడు:

"ఇక్కడ ఇసక తోలింది నేనే పెద్దమ్మా."

సర్పంచి గొంతు సవరించుకున్నాడు. శ్రీరాములు ఆగలేదు. ఆగితే మళ్ళీ చెప్పలేననుకున్నాడేమో, గబగబా చెప్పేశాడు.

"మూడేళ్ళు తోలా. వాగంతా ఇనపచువ్వ గుచ్చి చూసుకుంటూ పోయేవాళ్ళం. ఎక్కడ చువ్వ తేలిగ్గా దిగితే అక్కడ తవ్వేవాళ్ళం. పైన ఈతచెట్ల దగ్గర చువ్వ మొత్తం దిగిపోయింది. కానీ గట్టు నిలువుగా ఉంది, ట్రాలీ దిగలా. అక్కడ వదిలేశాం. అక్కడ ఇసక అట్టాగే ఉంది."

"ఎవరికి తోలావ్?" అన్నాడు జయకర్.

శ్రీరాములు నోరు తెరిచాడు. పున్నారావు భుజం మీద కండువా సర్దుకున్నాడు. సర్పంచి ఫోన్ తీసి చూసుకోసాగాడు.

"అది తర్వాత అడగండి సారూ," అంది రిబ్కమ్మ. లోపల ఉన్నది కోపమో, ఇంకేమిటో ఆవిడకే తెలీదు. ఇతని చేతులే పేట బోరుని ఎండగట్టాయి. రోజూ ఎదురయ్యే మనిషి, మొన్న బిందె ఇచ్చిన ఇంటివాడు. ఓ క్షణం గడ్డపార ఆవిడ పిడికిట్లో బిగిసింది. తర్వాత దాన్ని అతని ముందుకి చాపింది.

"పట్టు. తవ్వు. నీ మాట కూడా తవ్వి చూడాల్సిందే."

ఈతచెట్ల దగ్గరికి దారి లేదు. ముళ్ళకంప తప్పించుకుంటూ ఒకళ్ళ వెనక ఒకళ్ళు నడిచారు. అక్కడ శ్రీరాములు చొక్కా విప్పి గడ్డపార వేశాడు. వాడు తవ్విన కొద్దీ పక్కల నుంచి ఇసక జారి గోతిలోకి వస్తోంది. ఎంత తీసినా గొయ్యి గొయ్యిలా నిలబడదు. తిట్టుకుంటూ మళ్ళీ తీశాడు. ఇద్దరు ఆడవాళ్ళు చెప్పులు విప్పి దిగి తట్టలు అందించసాగారు. జయకర్ కూడా బూట్లు విప్పాడు.

రోజా పేటలోకి పరుగెత్తి రెండు బిందెలు తెచ్చింది. మొదటి బిందె కుమ్మరించారు. ఇసక చప్పరించినట్టు సుయ్యిమంది. నీళ్ళు కనపడలేదు. జయకర్ సరిగ్గా చూడలేదన్నట్టు, "ఇంకోటి పొయ్యండి," అన్నాడు. రెండోదీ పోశారు. తడి తప్ప ఏమీ మిగల్లేదు. చిన్నరాయప్ప భార్య పైకే నవ్వేసింది. కీర్తిప్రియ మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి ఆ తడి మీద ఆనించింది.

"ఇక్కడే అని రాసెయ్యనా అమ్మా?"

రిబ్కమ్మ ఆ మాట వినిపించుకోలేదు. ఆవిడ చూపు అప్పటికే ఎగువన, వాగు మలుపు తిరిగి కనపడకుండా పోయే చోటికి వెళ్ళిపోయింది. ఈతచెట్ల పైన ఏముందో తనకి తెలీదు. సలోమోను కూడా అటు ఎప్పుడూ బావి తవ్వలేదు. ఈసారి చూడకుండా ఇక్కడే అని చెప్పదల్చుకోలేదు.

"శ్రీరాములూ, ఆ మలుపు పైన చువ్వ గుచ్చారా?"

"ఒకటి రెండు చోట్ల పెద్దమ్మా. ఓ చోట రాయి తగిలింది."

"ఎక్కడ తగిలిందో చూపించు."

శ్రీరాములు గడ్డపార భుజానికెత్తుకుని మలుపు వైపు కదిలాడు. రిబ్కమ్మ చీర కుచ్చెళ్ళు మళ్ళీ పైకి దోపుకుని వాడి వెనకే నడిచింది. వాడు చెబుతున్నాడు, ఆవిడ వింటోంది.